మెషీన్ మీద దుప్పటి తీయించండి

సంపాదకులకు నమస్కారం.

పోయిన వారం మీ జిల్లా పేజీలో ఎడమ మూలన ‘పిల్లికీ గుండె స్కానింగట!’ అని రంగు డబ్బా కట్టి వేసిన వార్త గురించి ఈ ఉత్తరం. ఆ రోజే రాద్దామనుకున్నాను. కోపం మీద రాసింది మర్నాడు చదువుకుంటే బాగోదని ఆగాను. ఆగినా కోపం తగ్గలేదు.

సోమవారం అర్జీల రోజున ‘ఒక విశ్రాంత ఉపాధ్యాయిని’ పిల్లికి స్కానింగ్ చేయాలని అర్జీ పెట్టుకుందనీ, అధికారులు ముఖాలు ముఖాలు చూసుకున్నారనీ, హాల్లో వాళ్లు నవ్వు ఆపుకోలేకపోయారనీ రాశారు. ఆ ఉపాధ్యాయినిని నేనే. నవ్విన మాట నిజమే. కానీ అర్జీలో ఏముందో మీ విలేకరి చదవలేదు. చదివుంటే నేను మెషీన్ కొనమని అడగలేదని తెలిసేది. మెషీన్ ఉందండీ. కొన్నారు, కొబ్బరికాయ కొట్టారు, రిబ్బన్ కత్తిరించారు. ఆ ఫొటో వేసింది కూడా మీ పేపరే. ఇప్పుడది మన పశువైద్యశాల లోపలి గదిలో గళ్ల దుప్పటి కప్పుకుని ఉంది. దుప్పటి మీద టీకాల రిజిస్టర్లు, వాటి మీద ఎవరిదో హెల్మెట్. ఆ మెషీన్ నడిపించండి, వారానికి ఒక పూటైనా చాలు అన్నాను. ఇందులో అంత నవ్వెక్కడ దొరికిందో నాకు అంతుపట్టలేదు.

పిల్లి సంగతి మా పేటలో అందరికీ తెలుసు. రైతుబజారు వెనక కల్వర్టు దగ్గర మామిడిపళ్ల అట్టపెట్టెలో నాలుగు కూనల్ని పడేసి పోయిన పుణ్యాత్ములెవరో కూడా తెలుసు, ఎవరూ నోరు విప్పరు. మూడింటిని తలా ఒకరు పట్టుకెళ్లారు. బక్కది నాకు మిగిలింది. అది ఆడుతూ ఆడుతూ ఠక్కున ఆగిపోయి, పక్కకి ఒరిగి, నోరు తెరిచి రొప్పేది. కుక్క నోరు తెరిచి రొప్పడం మామూలే. పిల్లి అలా రొప్పిందంటే ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికి పరిగెత్తాల్సిందే. ఎండకి అనుకుని ఊరుకునేవాళ్లే ఎక్కువ.

పశువైద్యశాలలో ఉన్న కుర్ర డాక్టరు మంచివాడు. నాలుగు ఊళ్లకి ఆయనే ఇన్‌ఛార్జి. గేదెకి చూడి పరీక్ష చేసి చేతులు కడుక్కుంటూనే దీన్ని బల్ల మీద పెట్టమన్నాడు. స్టెతస్కోపు ఆనిస్తే గుర్రు తప్ప ఇంకేమీ వినపడదు. దాన్ని అలాగే ఎత్తుకుని సింకు దగ్గరికి తీసుకెళ్లి కుళాయి తిప్పాడు. నీళ్ల చప్పుడుకి చెవులు నిక్కించి గుర్రు ఆపేసింది. అప్పుడు విన్నాడు. నా చెయ్యి కూడా దాని ఛాతీ మీద పెట్టించాడు. గుర్రు ఆగిపోయినా వేళ్ల కింద ఏదో సన్నగా అదురుతూనే ఉంది. “గుండెలో చప్పుడుంది టీచర్‌గారూ, పుట్టుకతో వచ్చిన రంధ్రం అయ్యుండొచ్చు. స్కాన్ చేస్తేగానీ ఏమీ చెప్పలేం” అన్నాడు. మరి పక్కగదిలో ఉన్నదేమిటి బాబూ అంటే, “దానికిచ్చిన ప్రోబు, అంటే ఒంటికి ఆనించి చూసే పరికరం, గేదెలకీ ఆవులకీనండీ. చిన్న జీవాలది రాలేదు. వచ్చినా గుండె చూడటంలో మాకెవరికీ ట్రైనింగ్ ఇవ్వలేదు” అన్నాడు. ఆయన తప్పేముంది? పెళ్లికూతుర్ని చూపించినట్టు మెషీన్ని చూపించి వెళ్లిపోయిన పెద్దల్ని అడగాలి. గోడ మీద శిలాఫలకంలో వాళ్ల పేర్లు బంగారు రంగులో ఉన్నాయి. డాక్టరు పేరు లేదు.

స్కాన్ ఎందుకంటారా? గుండె కింది గదుల మధ్య గోడకి రంధ్రం ఉంటే ఎడమవైపు రక్తం కుడివైపుకి తోసుకొచ్చి, ఊపిరితిత్తుల్లోకి పోవాల్సినదానికంటే ఎక్కువ పోతుంది. పిల్లుల్లో పుట్టుకతో వచ్చే గుండె లోపాల్లో తరచుగా కనపడేవాటిలో ఇదొకటి. చిత్రమేమిటంటే చిన్న రంధ్రమే పెద్ద చప్పుడు చేస్తుంది, ఇరుకులోంచి రక్తం జోరుగా దూకుతుంది కాబట్టి. పెద్ద రంధ్రం ఒక్కోసారి మెత్తగా వినపడి మోసం చేస్తుంది. అంచేత చెవిని నమ్ముకుని లాభం లేదు. చిన్నదైతే మందూమాకూ లేకుండా అన్ని పిల్లుల్లాగే బతికేస్తుంది. పెద్దదైతే ఊపిరితిత్తుల్లోకి నీరు దిగుతుంది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాలన్నా, మత్తు ఇచ్చేముందు గుండె సంగతి తేలాలి. ఇవన్నీ అర్జీలో రాశాను. అరఠావు నిండా రాశాను. గుమాస్తా దాని మీద ఒక నంబరు వేసి ‘సంబంధిత శాఖకు’ అని రాశాడు. సంబంధిత శాఖ నుంచి ‘సమస్య పరిష్కరించబడినది’ అని ఫోనుకి మెసేజీ వచ్చింది.

చివరికి బుట్ట ఒళ్లో పెట్టుకుని రైల్లో విశాఖ వెళ్లి ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఎకో, అదే గుండె స్కాన్, తీయించాను. రంధ్రం మధ్యరకందని తేలింది. ఖర్చెంతయిందో మాత్రం మీ విలేకరికి చెప్పను, దానికీ ఒక డబ్బా కడతాడు.

ఇప్పుడు రోజూ మందు. ఒంట్లో నీరు లాగే ఆ మందు పెద్దవాళ్లకి 40 మిల్లీగ్రాముల మాత్రగా ఇస్తారు. కిలో కూడా తూగని ప్రాణికి ఆ మాత్రని బ్లేడుతో ఎన్ని ముక్కలు కోసినా మోతాదు కుదరదు. చంటిపిల్లలకిచ్చే నీళ్లమందు తెచ్చి, సూది తీసేసిన సిరంజితో కొలిచి, చెంప పక్కనుంచి నెమ్మదిగా వదలాలి. మెడికల్ షాపులో కుర్రాడు “బాబుకి ఎన్నో నెలండీ?” అని అడిగాడు. పిల్లికని చెప్పాక మందుచీటీ వెనక్కి తిప్పి చూశాడు, అక్కడేమైనా రాసుందేమోనని. ఇక నిద్రలో దాని పొట్ట ఎన్నిసార్లు లేచి పడుతోందో అర నిమిషం లెక్కపెట్టి, రెట్టింపు చేసి, వెంకట్రామా క్యాలెండర్ గళ్లలో రాస్తాను. నిమిషానికి 30 లోపుంటే ఆ రాత్రికి బెంగలేదు. దాటుతూ పోతుంటే డాక్టరుకి ఫోను. ఇదేమీ బ్రహ్మవిద్య కాదు. నేను ఊరెళ్తే మూడో తరగతి చదివే పక్కింటి పిల్లాడు లెక్కపెడుతున్నాడు. వాడి రెండో ఎక్కం కూడా బాగుపడింది.

‘మనుషులకే దిక్కులేదు, పిల్లికా!’ అని మీ వార్త చివర ఎవరో పేరు చెప్పని పెద్దమనిషి మాట వేశారు. ఆయనకొక మాట. పిల్లల గుండె జబ్బులకి మన రాష్ట్రంలో దిక్కు లేకపోలేదు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీలో చిన్నపిల్లల గుండె ఆపరేషన్లున్నాయి. పథకం పేరు ప్రభుత్వంతోపాటు మారుతుంటుంది, అది వేరే సంగతి. 2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద డాక్టర్లు బళ్లకే వచ్చి పిల్లల గుండెలకి స్టెతస్కోపు పెట్టి చూస్తున్నారు. మా బళ్లో ఆ వరసలు నిలబెట్టింది నేనే. వాళ్ల డబ్బులోంచి ఒక్క పైసా ఇమ్మని నేనడగలేదు. దుప్పటి కింద ఉన్న మెషీన్ పశువుల డబ్బుతో పశువులకే కొన్నది. చిన్న ప్రోబు వస్తే అది పిల్లికొక్కదానికే పనికొస్తుందా? గొర్రె చూడి పరీక్షకి పనికొస్తుంది. ముసలి కుక్కల గుండెకి పనికొస్తుంది. ఈ ఊళ్లో కుక్కలున్న పెద్దలు చాలామందే ఉన్నారు. వాళ్లు కార్లలో విశాఖ పోగలరు కాబట్టి వాళ్లకీ గొడవ పట్టలేదు.

అసలు పిల్లి ఈ దేశంలో లెక్కలోనే లేదు. ఇది ఎత్తిపొడుపు కాదు. 2019 పశుగణనలో ఆవులు, గేదెలు, గొర్రెలు, మేకలు, పందులు, గాడిదలు, ఒంటెలు, జడలబర్రెలు, కుక్కలు, కుందేళ్లు, చివరికి ఏనుగుల్నీ లెక్కపెట్టారు. పిల్లుల్ని వదిలేశారు. 2024 అక్టోబరులో మొదలుపెట్టిన 21వ గణన జాబితాలోనూ వాటికి చోటు దొరకలేదు. ఏనుగు ఏ పేటలో తిరుగుతోందో నాకు తెలియదు గానీ, పిల్లి లేని పేట చూపించమనండి.

చట్టం చూద్దామా అంటే అదీ అంతే. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం ఆకలిదప్పులకి మాడేలా జంతువుని వదిలేసి పోవడం నేరమే. మొదటిసారి దొరికితే జరిమానా 10 నుంచి 50 రూపాయలు! అట్టపెట్టె పడేసిన మహానుభావుడు దొరికినా ఒక టిఫిను ఖర్చుతో బయటపడతాడు. ప్రతి జిల్లాలో జంతుహింస నివారణ సంఘం ఉండాలనీ, దానికి వైద్యశాల, ఆశ్రయం కట్టుకోవడానికి ప్రభుత్వం జాగా ఇవ్వాలనీ 2001లో నియమాలు తెచ్చారు. మన జిల్లా సంఘం ఎప్పుడు సమావేశమైంది, ఎక్కడ అని అడిగితే ఒక సెక్షన్ వాళ్లు ఇంకో సెక్షన్‌కి పంపారు, ఆ సెక్షన్ వాళ్లు భోజనానికి వెళ్లారు. పిల్లికి బిచ్చం పెట్టనివాళ్లని వినడమే గానీ, అలాంటివాళ్లతో ఆఫీసు నిండిపోవడం ఇప్పుడే చూశాను.

మీ గురించి కూడా చెప్పాలి, ఏమీ అనుకోకండి. పాడి పశువుల జబ్బుల మీద, కోళ్ల తెగుళ్ల మీద మీ పేపర్లో వారం వారం వచ్చే పేజీని ఒకప్పుడు మా ఆయన కత్తిరించి దాచేవారు. ఇప్పుడు సినిమా తారల కుక్కలకి జరిగే పుట్టినరోజులు రంగుల్లో వస్తున్నాయి. ఆ కుక్కల్ని చూసి ఎవరికీ నవ్వు రాదు! నవ్వించడానికి వాడుకున్న ఆ నాలుగంగుళాల డబ్బాలో పిల్లికి జ్వరమని పారసెటమాల్ వేయకండి, ఒక్క మాత్ర చాలు ప్రాణం తీయడానికి అని వేసుంటే ఎన్ని ఇళ్లలో పనికొచ్చేది! పిల్లిని పెరుగన్నంతోనే పెంచితే మాంసం, చేపల్లో దొరికే టారిన్ అనే పోషకం అందక గుండె కండరం దెబ్బతింటుందని 1987లోనే తేల్చారు. మన ఇళ్లలో ఇప్పటికీ పెరుగన్నమే. ఇలాంటివి మీ విలేకరి ఆ కుర్ర డాక్టర్ని అడిగితే చెప్పేవాడు. డాక్టరు దగ్గరికి వెళ్లకుండా నవ్వినవాళ్ల దగ్గరికి వెళ్లాడు.

జిల్లా పేజీలో రోజూ కరెంటు కోతల వేళలు వేస్తున్నారు. వాటి కిందే, పశువైద్యశాలలో స్కానింగ్ ఏ రోజు, ఏ పూట చేస్తారో శాఖ పెద్దల్ని అడిగి వేయండి. చిన్న ప్రోబుకి ఇండెంటు వెళ్లిందా లేదా, డాక్టర్‌కి ట్రైనింగ్ ఎప్పుడో కూడా అడగండి. సమాచార హక్కు చట్టం కింద నేనూ దరఖాస్తు పెట్టాను. 30 రోజుల్లో జవాబివ్వాలి. వస్తే దాని నకలు మీకు పోస్టు చేస్తాను, ఈసారి డబ్బా కట్టి వేయండి.

ఇట్లు,
మీ పాత పాఠకురాలు
(విశ్రాంత ఉపాధ్యాయిని)