ప్రధానోపాధ్యాయురాలి ఉత్తరం: డబ్బా మూత చాటున

తల్లిదండ్రులకు నమస్కారం.

వారం రోజులుగా మీ వాట్సాప్ గ్రూపులో నడుస్తున్న చర్చ నా దాకా వచ్చింది. మూడో తరగతి పాప ఒకతె భోజనం వేళ నీళ్ల ట్యాంకు వెనక కూర్చుంటోందని రాశారు. నిజమే, వెళ్లి చూశాను. మూత పూర్తిగా తీయకుండా, దాన్నే ఎడమ చేత్తో అడ్డుపెట్టుకుని చద్దన్నం, ఉల్లిపాయ తింటోంది. ఇక్కడెందుకమ్మా అంటే, "నాది ఫ్రీ సీటట మేడం" అంది.

ఆ మాట మా పాఠ్యపుస్తకాల్లో లేదు. ఎనిమిదేళ్ల పిల్లల చెవిన అది ఎక్కడ పడిందో నేను అడగను, మీరే ఆలోచించండి. మా తప్పూ ఉంది. హాజరు పట్టీలో ఉచిత సీట్ల పిల్లల పేర్లకు ఎర్ర సిరా గుర్తులు పెట్టాం. కొత్త పట్టీ రాయించాను. పాప తల్లికి క్షమాపణ చెప్పుకుంటే, ఆమె "పరవాలేదమ్మా" అన్నారు. పరవా ఉంది.

వాళ్లకు వేరే సెక్షన్ పెట్టమని రాసిన పెద్దమనిషికి ఒక మాట. 2009 విద్యాహక్కు చట్టం 12వ సెక్షన్ ప్రకారం మా వంటి ప్రైవేటు బడి ఒకటో తరగతిలో కనీసం 25 శాతం సీట్లు పేద, అణగారిన కుటుంబాల పిల్లలకు ఇచ్చి, ఎనిమిదో తరగతి దాకా ఉచితంగా చదివించాలి. ఆ ఖర్చు ప్రభుత్వం లెక్కకట్టి ఇస్తుంది. 2012లో సుప్రీంకోర్టు కూడా దీన్ని సమర్థించింది. వాళ్లను విడిగా కూర్చోబెట్టడం నిబంధనలకు విరుద్ధం. ఇది మీ దయా కాదు, నా దయా కాదు.

నాకు బంతి భోజనం పిచ్చి అని మీరు నవ్వుకుంటారని తెలుసు. నవ్వండి. సంక్షేమ హాస్టల్లో సొట్టపడిన పళ్లెంతో పెరిగినదాన్ని. పక్కవాడి మోకాలు తగిలేంత దగ్గరగా కూర్చుని తిన్న అన్నం ఎలా ఒంటబడుతుందో నాకు తెలుసు. పెళ్లిళ్లలో బంతిలో వలపక్షం చూపితే ఊరంతా దెప్పుతారే, బడిలో మాత్రం ఎందుకు ఊరుకోవాలి? సోమవారం నుంచి వరండాలో చాపలు పరిచి అందరినీ ఒకే బంతిలో కూర్చోబెడుతున్నాం, టీచర్లతో సహా. రెండో రోజే నాలుగో తరగతి అబ్బాయి ఒకడు పక్క డబ్బాలోని చద్దన్నం లాగేసుకున్నాడు. పోట్లాట అనుకుని పరుగెత్తాను. రుచి నచ్చి, బదులుగా తన పూరీలు ఇచ్చేశాడట!

శుక్రవారం ప్రార్థన వేళ మూడో తరగతి విద్యార్థి ఒకరు ఇరవై ఆరు వేమన పద్యాలు తడుముకోకుండా అప్పజెప్పారు. తెలుగు మాస్టారు లెక్క తప్పి మళ్లీ మొదటినుంచి చెప్పించుకున్నారు. అప్పుడూ తడబాటు లేదు. ఏ సీటు విద్యార్థో అడగకండి, చెప్పను.

ఇక మీ సహకారం గురించి, ప్రేమతోనే. పుట్టినరోజున తరగతికి చాక్లెట్ చాలు. తలా ఒక రంగుల పెన్సిళ్ల పెట్టె పంచితే, వచ్చే వారం పుట్టినరోజున్న పిల్ల ఆ రోజు బడికే రాదు. అలా రానివారిని ఈ ఏడాది ఇద్దరిని చూశాను. మధ్యాహ్నం గేటు దగ్గరికి పిజ్జా పెట్టెలు పంపే అలవాటు కూడా దయచేసి మానండి. మా వాచ్‌మన్ హోటలు సర్వరు కాదు. ప్రాజెక్టు చార్టులు ఇకపై బడే ఇస్తుంది, కొనకండి.

పరీక్షల తేదీలు డైరీలో ఉన్నాయి, బస్సు వేళలు మారలేదు, జ్వరం ఉంటే పంపకండి.

డబ్బాల మీద పేర్లు చెక్కించండి. బంతి మొదలయ్యాక ఎవరి మూత ఎవరిదో తెలియడం లేదు; ఇప్పటికి అయిదు నా బల్ల మీదే ఉన్నాయి.

మీ
ప్రధానోపాధ్యాయురాలు