ఆ నల్ల హెడ్‌సెట్ ఇక మన షాపులో అమ్మను

అడ్వాన్స్ ఇచ్చి ఎదురుచూస్తున్నవాళ్లకీ, "అన్నా, స్టాక్ వచ్చిందా?" అని ఫోన్ చేస్తున్నవాళ్లకీ కలిపి ఇక్కడే చెబుతున్నాను. స్టాక్ వచ్చింది. వెనక్కి పంపేశాను. మూడు వేల లోపు ధరలో, మైక్ బాగుందని మీరే ఒకరికొకరు చెప్పుకుని కొన్న ఆ నల్ల వైర్‌లెస్ గేమింగ్ హెడ్‌సెట్ ఇక మన బెజవాడ గవర్నర్‌పేట షాపులో దొరకదు. పేరు రాయను. కొన్నవాళ్లకి తెలుసు, కొననివాళ్లకి ఇప్పుడు దాంతో పనిలేదు.

అడ్వాన్స్ డబ్బు ఈ వారంలో యూపీఐ చేసేస్తాను. వేరే మోడల్ తీసుకుంటామంటే అందులో తగ్గిస్తాను. పాత లాట్‌లో కొన్నవాళ్లు కంగారు పడకండి. మీ దగ్గరున్నది మంచి సరుకే. వారంటీకి ఇంకెక్కడికీ వెళ్లనక్కర్లేదు, నా దగ్గరికే తీసుకురండి. అందుకోసమే కొన్ని పాత పీసులు అమ్మకుండా పక్కన పెట్టాను.

ఇక అసలు సంగతి.

మన దగ్గర కొత్త లాట్ ఏది దిగినా ఒక బాక్స్ తెరిచి మైక్ రికార్డ్ చేస్తానని మీకు తెలుసు. పైన ఫ్యాన్ ఫుల్ స్పీడులో తిరుగుతుంటుంది, చేతులు కీబోర్డ్ మీద టకటకలాడుతుంటాయి, అదే వాక్యం, అదే దూరం. మన ఊళ్లో మే నెలలో ఫ్యాను, కూలరు కట్టేసి గేమ్ ఆడేవాళ్లు ఎవరున్నారు? నిశ్శబ్దంగా ఉన్న గదిలో ఏ మైక్ అయినా బాగానే ఉంటుంది. ఈసారి వచ్చిన పీసు అలాగే పెట్టుకుని మాట్లాడి వింటే నా గొంతు ఎవరో ల్యాండ్‌లైన్ నుంచి మాట్లాడినట్టు వినిపించింది. ఇంకో పీసు తీశాను, అదీ అంతే. బాక్స్ మారలేదు, మోడల్ నంబర్ మారలేదు. దిగుమతి స్టిక్కర్ మీద నెల ఒక్కటే కొత్తది. కంప్యూటర్‌కి పెట్టే చిన్న యూఎస్‌బీ ముక్క, అదే డాంగిల్, మాత్రం కాస్త పొట్టిగా కనిపించింది.

ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో పాత, కొత్త రికార్డింగులు రెండూ పక్కపక్కన పెట్టి స్పెక్ట్రోగ్రామ్ తీశాను, అంటే ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత శబ్దం ఉందో చూపే బొమ్మ. పాత లాట్‌లో గొంతు 15 కిలోహెర్ట్జ్ దాకా కనిపిస్తోంది. కొత్తదాంట్లో 8 దాటాక కత్తితో కోసినట్టు నల్లగా ఉంది. అంటే లోపల మైక్ శబ్దాన్ని సెకనుకు 16 వేల సార్లే కొలుస్తున్నారు. కొలిచినదాంట్లో సగం వరకే ఫ్రీక్వెన్సీ పట్టుబడుతుంది కాబట్టి 8 దగ్గర ఆగిపోయింది. విండోస్ సెట్టింగుల్లో చూస్తే మాత్రం దర్జాగా 48000 హెర్ట్జ్, అంటే సెకనుకు 48 వేల కొలతలు, అనే ఉంది! డాంగిల్ కంప్యూటర్‌కి చెప్పేది ఒకటి, గాలిలో హెడ్‌సెట్ నుంచి డాంగిల్‌కి వచ్చేది ఇంకొకటి. ఆ సెట్టింగ్ స్క్రీన్‌షాట్ తీసి "చూడన్నా, 48 ఉంది" అని చూపించే తమ్ముళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

ఆ పై భాగం పోతే ఏమవుతుంది అంటారా? 'స', 'ఫ' లాంటి అక్షరాల్లో ఉండే గాలి చప్పుడులో కొంత భాగం అక్కడ ఉంటుంది. మాట అర్థమవుతుంది గానీ పదును పోతుంది. దీన్ని నేను కొంతవరకు సర్దుకునేవాణ్ణేమో. సర్దుకోలేనిది ఇంకొకటి. కొత్త చిప్‌లో నాయిస్ తగ్గించే పద్ధతి మరీ మొరటుగా ఉంది. ఫ్యాన్ చప్పుడు ఆపడానికి మైక్‌ని మూసేసి ఉంచుతుంది, మనం నోరు తెరిచాక ఆలస్యంగా తెరుస్తుంది. ఆ లోపు మొదటి మాట పోతుంది. "రైట్‌లో ఉన్నాడు" అని అరిస్తే అవతలివాడికి "ఉన్నాడు" అని మాత్రమే వినిపిస్తుంది. ఎక్కడున్నాడో తెలిసేలోపు మీ స్క్వాడ్ ఓడిపోయి లాబీలో ఉంటుంది.

సికింద్రాబాద్ నుంచి మాల్ వేసే డిస్ట్రిబ్యూటర్‌కి ఫోన్ చేశాను. చాలా ఏళ్ల పరిచయం. బిల్లు ఒక్కరోజు ఆలస్యం చేసి ఎరగను. ఆయన ముందు "అదే ఐటం సార్" అన్నారు. రికార్డింగులు పంపాక "కంపెనీవాళ్లు కాంపోనెంట్ మార్చారు, మాకూ చెప్పలేదు" అన్నారు. అక్కడితో ఆగి ఉంటే నాకింత కోపం వచ్చేది కాదు. "మైక్ ఎవరు చూస్తారు సార్, పిల్లలకి లైట్లు వెలిగితే చాలు" అన్నారు. మీరు ఆ మాట విని ఉండాల్సింది. మైక్ టెస్ట్ చేయకుండా ఒక్క లాట్ కూడా అమ్మని షాపుకి చెప్పే మాటా అది? పైగా పీసుకి 400 తగ్గిస్తాను, కళ్లు మూసుకుని అమ్మేయమన్నారు.

ఆ 400 దగ్గరే నాకు నిద్ర పట్టలేదు, దాచడం దేనికి. మా తమ్ముడు చెప్పినదాంట్లోనూ న్యాయం ఉంది. "దొంగచాటుగా ఏం అమ్మక్కర్లేదు, మైక్ మారిందని చెప్పే తక్కువకి ఇద్దాం. పాటలకి, సినిమాలకి కొనేవాళ్లు ఉన్నారు కదా" అన్నాడు. నిజమే. చెవికి వచ్చే సౌండ్‌లో తేడా లేదు, బ్యాటరీలో తేడా లేదు. సీజన్ ముందు షెల్ఫ్ ఖాళీగా ఉంటే పక్క షాపు వాళ్లకి పండగే. కానీ అదే బాక్స్, అదే పేరు. నేను చెప్పిన మాట కొన్నవాడికి గుర్తుంటుంది. వాడి దగ్గర సెకండ్‌హ్యాండ్‌లో కొన్న కుర్రాడికి ఎవరు చెబుతారు? "బెజవాడలో ఫలానా షాపు సరుకు" అని మాత్రం చెబుతారు. అందుకే వద్దన్నాను. రవాణా ఖర్చు నేనే పెట్టుకుని మొత్తం తిప్పి పంపాను. పొగరు అని ఆ డిస్ట్రిబ్యూటర్ అన్నారట. అనుకోనివ్వండి.

ఇప్పుడు మరి ఏం కొనాలి? మూడు వేలలో వైర్‌లెస్, మంచి మైక్ రెండూ కావాలంటే ఈరోజు నా షెల్ఫ్‌లో ఏదీ లేదు. ఆ డబ్బుకి వైర్ ఉన్నది తీసుకోండి, మైక్ కచ్చితంగా మెరుగ్గా ఉంటుంది. వైర్‌లెస్‌లో మైక్ ఎందుకు దెబ్బతింటుందంటే, చెవులకు వచ్చే స్టీరియో సౌండూ, మీ గొంతూ ఒకే 2.4 గిగాహెర్ట్జ్ లింకులో ఇటూ అటూ వెళ్లాలి. పక్కింటి వైఫై కూడా అక్కడే తిరుగుతుంటుంది. ఆలస్యం పెరగకూడదు, బ్యాటరీ అయిపోకూడదు. దాంతో చాలా కంపెనీలు కోత పెట్టేది మైక్‌కే. కొద్దిమందే అక్కడ డబ్బు ఖర్చు పెడతారు. 2023లో వచ్చిన రేజర్ బ్లాక్‌షార్క్ వీ2 ప్రోలో మైక్ శబ్దాన్ని సెకనుకు 32 వేల సార్లు కొలుస్తుంది, వైర్‌లెస్‌లో నేను విన్నవాటిలో గొంతు సహజంగా ఉన్నది అదే. ధర మాత్రం మన నల్ల హెడ్‌సెట్‌కి ఎన్నో రెట్లు. హైపర్‌ఎక్స్ క్లౌడ్ ఆల్ఫా వైర్‌లెస్‌కి 300 గంటల బ్యాటరీ అని రాసి ఉంటుంది. అది గొప్ప సంగతే, కానీ బ్యాటరీ గంటలు చూసి మైక్ గురించి ఏమీ తెలియదు.

బ్లూటూత్ ఒక్కటే ఉన్న హెడ్‌సెట్‌ని గేమింగ్ అని అడిగితే నేను ఇవ్వను, ఇది పాత గొడవే. మామూలు బ్లూటూత్‌లో మైక్ ఆన్ అవగానే పాటలు వినే మోడ్ నుంచి ఫోన్ కాల్ మోడ్‌కి మారిపోతుంది. మీ గొంతూ, గేమ్ సౌండూ రెండూ ఒకేసారి పాడవుతాయి. ఎల్‌ఈ ఆడియో అని కొత్త పద్ధతి ఈ ఇబ్బంది తీరుస్తోంది గానీ హెడ్‌సెట్‌లోనూ, మీ ఫోన్ లేదా ల్యాప్‌టాప్‌లోనూ రెండుచోట్లా అది ఉండాలి. పీఎస్5, ఎక్స్‌బాక్స్ ఉన్నవాళ్లయితే ఆ ఆశే పెట్టుకోవద్దు, మామూలు బ్లూటూత్ హెడ్‌సెట్‌ని అవి నేరుగా తీసుకోవు. ఎక్స్‌బాక్స్‌కి అయితే దానికోసమే చేసిన వైర్‌లెస్ మోడల్ కావాలి, వేరే డాంగిల్ పెట్టినా పలకదు. కొనేముందు మీది ఏ కన్సోలో చెప్పండి.

ఇంకో మాట. బాక్స్ మీద ఏఎన్‌సీ అని ఉంటే మైక్ బాగుంటుందనుకుని వస్తున్నారు. అది మీ చెవికి బయటి చప్పుడు తగ్గించడానికి. అవతలివాళ్లకి ఫ్యాన్ వినపడకుండా చేసేది ఈఎన్‌సీ. అది కూడా మరీ ఎక్కువైతే ఇందాక చెప్పిన గొడవే. నోటి దగ్గరికి వచ్చే కాడ మైక్ ఉన్నది తీసుకుని, పెదవుల మూలకి రెండు వేళ్ల దూరంలో, ఊపిరి నేరుగా తగలకుండా పెట్టుకుంటే సగం చప్పుడు చిప్‌తో పనిలేకుండానే పోతుంది.

వైర్‌లెస్ కొన్న ప్రతివాళ్లకీ ఒక చిన్న యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ కేబుల్ ఊరికే ఇస్తున్నాను, పారేయకండి. యూఎస్‌బీ 3 పోర్టులు, వాటికి పెట్టిన హార్డ్‌డిస్కులు సరిగ్గా ఈ 2.4 దగ్గరే రేడియో చప్పుడు చేస్తాయని ఇంటెల్ 2012లోనే చెప్పింది. డాంగిల్‌ని సీపీయూ వెనకాల నుంచి టేబుల్ మీదికి తెస్తే మాట తెగిపోవడం చాలావరకు ఆగుతుంది. ఈ ఒక్కదానికే సర్వీసుకి తెచ్చినవాళ్లు బోలెడుమంది.

కొత్త మోడల్ కోసం వేరే ఇద్దరు సప్లయర్లతో మాట్లాడుతున్నాను. శాంపిల్ ఫ్యాన్ కింద పాసయ్యేదాకా బుకింగ్ తీసుకోను, తేదీ అడగొద్దు. పాత డిస్ట్రిబ్యూటర్ పాత మైక్ లాట్ దొరికిందని మళ్లీ ఫోన్ చేస్తే ఎత్తుతానా అని మా తమ్ముడు అడిగాడు. ఎత్తుతాను, రికార్డ్ చేసి పంపమంటాను.

అడ్వాన్స్ రసీదు పోగొట్టుకున్నవాళ్లు ఇబ్బంది పడొద్దు. ఏ ఫోన్ నంబర్ మీద బుక్ చేశారో చెప్పండి, పుస్తకంలో రాసి ఉంది.