మినార్డీని పాయింట్లతో కొలవొద్దు

సంపాదకుడు గారికి,

2026లో ఫార్ములా వన్‌లోకి పదకొండో జట్టుగా క్యాడిలాక్ రావడంపై మీ క్రీడా పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. గెలిచే సత్తా లేని జట్లకు చోటెందుకని అడుగుతూ ఇటలీ జట్టు మినార్డీని ఉదాహరణగా చూపడం దగ్గరే నాకు పేచీ. 21 సీజన్లు, 340 రేసులు, 38 పాయింట్లు, ఒక్క పోడియం, అంటే మొదటి మూడు స్థానాల్లో ఒక్కటి కూడా లేదు. లెక్క నిజమే. కానీ అప్పట్లో మొదటి ఆరుగురికే పాయింట్లు దక్కేవి. ఎనిమిదో స్థానానికీ పాయింట్లివ్వడం 2003లో మొదలైంది, పదో స్థానం దాకా ఇవ్వడం 2010లో. అప్పటికి మినార్డీయే లేదు.

పింగాణీకి పేరున్న ఫాయెంజా అనే చిన్న పట్టణంలో, ఫియట్ కార్లు అమ్ముకునే కుటుంబం నుంచి వచ్చిన జాన్‌కార్లో మినార్డీ 1979లో ఈ జట్టు పెట్టారు. 1985లో ఎం185 కారుతో, ఒకే ఒక్క డ్రైవరుతో ఫార్ములా వన్‌కి వచ్చారు. తొలి పాయింటు కోసం 1988 డెట్రాయిట్ రేసు దాకా ఆగాల్సి వచ్చింది. 1990లో ఫీనిక్స్‌లో మాత్రం పియెర్‌లూయీజీ మార్టీనీ రెండో స్థానం నుంచి రేసు మొదలుపెట్టాడు. పిరెల్లీ టైర్లు కలిసొచ్చాయి, రేసులో ఎవరు ముందు నిలబడాలో తేల్చే టైము పోటీలో శనివారం వాన పడడంతో శుక్రవారం టైములే నిలిచాయి. అదృష్టమే అనుకోండి, కానీ ఆ కారు ముందు వరుసలో నిలబడింది. మరుసటి ఏడాది ఫెరారీ వీ12 ఇంజిన్‌తో మార్టీనీ రెండుసార్లు నాలుగో స్థానంలో వచ్చాడు. వాళ్ల చరిత్రలో అంతకు మించిన స్థానం లేదు.

1999 నూర్‌బుర్గ్‌రింగ్ రేసు చూసినవాళ్లెవరూ ఈ జట్టును తేలిగ్గా తీసెయ్యలేరు. లూకా బడోయర్ నాలుగో స్థానంలో ఉన్నాడు. ఇంకో 13 ల్యాపులుండగా గేర్‌బాక్స్ పోయింది. కారు పక్కనే కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాడు. అదే రేసులో అతని సహచరుడు మార్క్ జెనె ఆరో స్థానంలో వచ్చి ఒక పాయింటు తెచ్చాడు. మీ పట్టికలో ఆ రోజు విలువ ఆ ఒక్కటే.

తర్వాత రెండుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయిన ఫెర్నాండో అలొన్సోకి 2001లో, 19 ఏళ్ల వయసులో, ఫార్ములా వన్‌లో తొలి సీటు ఇచ్చింది మినార్డీయే. ఫిసికెల్లా, ట్రుల్లీ, వెబ్బర్ లాంటి డ్రైవర్లంతా అక్కడ మొదలైనవాళ్లే. తర్వాత మెర్సిడెస్ ఛాంపియన్ కార్ల డిజైన్‌లో పెద్ద చెయ్యి ఉన్న ఆల్డో కోస్టా కూడా ఫాయెంజాలోనే పని నేర్చుకున్నారు.

2005 చివర్లో రెడ్ బుల్ కంపెనీ మినార్డీని కొని టోరో రొస్సో అని పేరు మార్చింది. పేరు మార్చొద్దని అభిమానులు సంతకాలు సేకరించినా లాభం లేకపోయింది. 2008లో మోంజాలో డ్రైవర్ సెబాస్టియన్ వెటెల్ ఆ జట్టుకు గెలుపు తెచ్చాడు. కారు డిజైన్ చాలావరకు రెడ్ బుల్‌ది, ఇంజిన్ ఫెరారీది, ఒప్పుకుంటాను. పిట్‌లో, అంటే రేసులో కార్లను చూసుకునే చోట, పనిచేసింది మాత్రం ఫాయెంజా జట్టే.

మన నరేన్ కార్తికేయన్ సంగతీ ఇంతే. 2005లో అతనికి సీటు దొరికింది వెనక వరుసల్లో ఉండే జోర్డాన్ జట్టులో. ఆ ఏడాది ఇండియానాపోలిస్‌లో మిషెలిన్ టైర్ల జట్లు తప్పుకోవడంతో ఆరు కార్లే పరుగెత్తాయి. కార్తికేయన్ నాలుగో స్థానం, అతని వెనకే రెండు మినార్డీలు. చిన్న జట్లకు చోటు లేకపోతే ఆ సీటు అతనికి ఎవరిచ్చేవాళ్లు?

2021 నుంచి జట్ల ఖర్చుకు పరిమితి పెట్టారు, మంచిదే. కానీ అదే ఏడాది మొదలైన కాంకర్డ్ ఒప్పందంలో, అంటే జట్లకూ నిర్వాహకులకూ మధ్య ఒప్పందంలో, కొత్త జట్టు కట్టాల్సిన రుసుమును 20 కోట్ల డాలర్లుగా రాశారు. ఆ డబ్బు పాత జట్లు పంచుకోవడానికే. క్యాడిలాక్ యజమాని జనరల్ మోటార్స్‌కు ఇలాంటి రుసుము భారం కాదు. 1985లో ఇలాంటి గోడ ఉండి ఉంటే ఫాయెంజా కారు రేసు మొదలయ్యే గీత దాకా వచ్చేదే కాదు. మీ వ్యాసం ఈ గోడ గురించి ఒక్క మాటా అనలేదు. రుసుము ఎవరు నిర్ణయిస్తున్నారో, ఎవరి జేబులోకి పోతుందో ఇంకో వ్యాసంలో వివరంగా రాయమని నా మనవి.

— ఒక పాఠకుడు, గుంటూరు