మీటరు బిగించారు సరే, చూసేదెవరు?

సంపాదకులకు,

నగరంలో నీటి సరఫరాకు స్మార్ట్ మీటర్లు, సెన్సర్లు పెడితే ప్రారంభోత్సవం ఫొటో మొదటి పేజీలో పడుతుంది. మూడేళ్ల తర్వాత వాటిలో ఎన్ని పనిచేస్తున్నాయో ఏ పేజీలోనూ రాదు. పాడైతే పరికరాన్ని తిట్టుకుంటాం కానీ, తప్పు చాలాసార్లు టెండరు కాగితం దగ్గరే మొదలవుతుంది.

లీకేజీ సంగతే చూడండి. పైపులైన్లను 500 నుంచి 3,000 కనెక్షన్ల చిన్న జోన్లుగా విడదీసి, ఒక్కో జోనుకు నీరు వచ్చే చోట ఫ్లో మీటరు (పైపులో పారే నీటిని కొలిచేది) పెడతారు. రాత్రి 2 నుంచి 4 గంటల మధ్య ఇళ్లలో వాడకం చాలా తక్కువ. ఆ వేళ మీటరు దాటే నీటిలో ఎక్కువ భాగం లీకేజీయే. అయితే పైపులో 24 గంటలూ ఒత్తిడి ఉండాలి, జోను సరిహద్దు వాల్వులు బిగుతుగా మూసి ఉండాలి. పక్క వీధికి నీళ్లందడం లేదని ఫిర్యాదు రాగానే ఆపరేటరు సరిహద్దు వాల్వు ఒకటి తిప్పేస్తాడు. ఆ రాత్రి నుంచి జోను లెక్క తప్పుతుంది. అతన్ని అనీ లాభం లేదు. ఫిర్యాదు తీరితే మెచ్చుకుంటారు, లెక్క చెడితే అడిగే నాథుడు లేడు.

పూటకో గంట నీళ్లొదిలే చోట ఈ పద్ధతి అసలే కుదరదు. ఖాళీ పైపు నిండేటప్పుడు గాలి దూసుకొచ్చి ఇంటి మీటర్లను తిప్పేస్తుంది. నీళ్లు రాకముందే రీడింగు పెరిగితే బిల్లు ఎవరు కడతారు?

ఇక కొనుగోలు. తక్కువ ధర కోట్ చేసినవారికే పని దక్కాలన్నది సాధారణ నియమం. ధరలో మీటరు ఉంటుంది. బ్యాటరీ మార్పిడి, సిమ్ చార్జీలు, సాఫ్ట్‌వేర్ లైసెన్సు, కాలిబ్రేషన్ (మీటరు సరిగ్గా కొలుస్తోందో సరిచూడడం) ఉండవు. విద్యుదయస్కాంత ఫ్లో మీటరుకు ముందు పైపు వ్యాసానికి సుమారు ఐదు రెట్లు, తర్వాత రెండు మూడు రెట్లు తిన్నని పైపు కావాలి. చాంబరు ఇరుకని బెండు పక్కనే బిగిస్తే ఆ అంకెను నమ్మలేం. రోజుకోసారి రీడింగు పంపేందుకు లెక్కగట్టిన బ్యాటరీతో పావుగంటకోసారి పంపిస్తే గడువుకు చాలా ముందే చచ్చిపోతుంది. కొత్తది కొందామంటే మూలధన పద్దు మూసేసి ఉంటుంది, నిర్వహణ పద్దులో ఆ ఖర్చుకు చోటుండదు. డేటా కంపెనీ సర్వర్లోనే ఉండిపోతే ఒప్పందం ముగిసిన రోజున పాత రీడింగులు కూడా దక్కవు.

ఒత్తిడి తగ్గించే వాల్వును ఎవరూ రిబ్బను కట్టి ప్రారంభించరు. ఒత్తిడి 10 శాతం తగ్గితే లీకేజీ కూడా సుమారు అంతే తగ్గుతుంది. ప్లాస్టిక్ పైపుల పగుళ్లలోనైతే ఇంకా ఎక్కువ.

కంబోడియా రాజధాని నాంపెన్‌లో 1993లో సరఫరా చేసిన నీటిలో 72 శాతం లెక్కకు రాకుండా పోయేది. తర్వాతి పదిహేనేళ్లలో అది 6 శాతం దరిదాపులకు దిగింది. వాడినవన్నీ మామూలు పనిముట్లే. 1996లో అక్కడి నీటి సంస్థకు ఆర్థిక స్వయంప్రతిపత్తి వచ్చింది. కనెక్షన్లన్నిటికీ మీటరు పెట్టారు, బిల్లు విషయంలో పెద్దల్నీ వదల్లేదు, సిబ్బంది బోనస్‌ను పనితీరుతో ముడిపెట్టారు.

మురుగునీటి శుద్ధిదీ ఇదే తీరు. నమీబియాలోని విండ్‌హూక్‌లో శుద్ధి చేసిన మురుగునీటిని 1968 నుంచి తాగునీటిలో కలుపుతున్నారు. ఆస్ట్రేలియాలోని టూవుంబాలో 2006లో ఇలాంటి పథకంపై ఓటింగు పెడితే సుమారు 62 శాతం మంది వద్దన్నారు. అక్కడ పథకం ఖరారయ్యాక గానీ జనాన్ని అడగలేదు. సింగపూర్ 2001లో మురుగు, వరద కాలువల బాధ్యతను నీటి సంస్థకే అప్పగించింది, 2003లో పునశ్శుద్ధి నీటి సరఫరా మొదలుపెట్టింది. మురుగు ఒక శాఖది, తాగునీరు మరో శాఖది అయిన చోట శుద్ధి చేసిన నీటిని తెచ్చే పైపు ఖర్చు ఎవరిదన్న దగ్గరే ఫైలు ఆగిపోతుంది.

మీ విలేకరులకు ఒక విన్నపం. ఇలాంటి పథకం ప్రారంభానికి వెళ్లినప్పుడు ఇవి అడగండి: రాత్రి ప్రవాహం అంకెను రోజూ చూసే ఉద్యోగి ఎవరు? సరిహద్దు వాల్వు తెరవాలంటే ఎవరి అనుమతి కావాలి, ఏ రిజిస్టరులో రాస్తారు? ఐదో ఏట బ్యాటరీకి డబ్బు ఏ పద్దు నుంచి వస్తుంది? ఒప్పందం ముగిశాక రీడింగులు ఎవరి దగ్గరుంటాయి? వచ్చిన జవాబులను ఫొటో కిందే అచ్చు వేయండి.

— కొందరు నీటి సరఫరా ఇంజినీర్లు