మీ పాత్రలు ఆరడానికి ఇకపై రెండు వారాలు

మా స్టూడియోలో చేతితో సిరామిక్ పాత్రలు చేయడం నేర్చుకుంటున్నవారికి, కొత్తగా చేరదలచినవారికి ఒక మార్పు తెలియజేస్తున్నాము. తరగతిలో చేసిన వస్తువును మొదటిసారి కాల్చే ముందు ఆరబెట్టే గడువును ఒక వారం నుంచి రెండు వారాలకు పెంచుతున్నాము. కానుకగా ఇవ్వడానికి ఫలానా తేదీకల్లా కావాలని అడిగినవారు కొందరున్నారు. వారికి ఇది నిరాశ కలిగించే మాటే కనుక కారణం వివరంగా చెప్పడం మా బాధ్యత.

మొదట్లో అందరూ చిన్న గిన్నెలే చేసేవారు. ఇప్పుడు మట్టి తాళ్లను చుట్టి పైకి లేపే కూజాలు, పలకలు కోసి అతికించే పెట్టెలు చేయాలనే ఉత్సాహం పెరిగింది. మాకూ అది సంతోషమే. అయితే పెద్ద వస్తువుల గోడలు మందంగా ఉంటాయి, కొత్తగా నేర్చుకునేవారి చేతిలో ఆ మందం అంతటా ఒకేలా రాదు. అంచు ముందుగా ఆరి కుంచించుకుపోతుంటే అడుగు తడిగానే ఉండిపోతుంది, ఆ లాగుడుకు ఎక్కడో ఒకచోట బీట పడుతుంది.

కప్పు పిడి దగ్గర ఇది స్పష్టంగా కనిపిస్తుంది. అతికించే రెండు చోట్లా సూదితో గీకి, అదే మట్టిని నీటిలో జారుగా కలిపిన స్లిప్ రాసి, గట్టిగా నొక్కి అతికించినా, పిడి సన్నగా ఉండటం వల్ల కప్పుకంటే ముందే ఆరిపోయి, మొదలు దగ్గర వెంట్రుకంత గీతతో విడిపోవడం మొదలవుతుంది. అందుకే పిడికి విడిగా ప్లాస్టిక్ కవరు చుట్టి, మొత్తం కప్పును మరో కవరుతో వదులుగా కప్పి, రోజూ కొద్దికొద్దిగా తెరుస్తూ నెమ్మదిగా ఆరనిస్తాము. ఈ పనిలో తొందర పనికిరాదు.

పైకి ఆరినట్టు కనిపించే వస్తువు లోపల తడిగా ఉండవచ్చు. అడుగును చెంపకు ఆనించి చూస్తే చల్లగా తగిలిందంటే నీరు ఇంకా మిగిలే ఉందని అర్థం. దాన్ని అలాగే బట్టీలో పెడితే 100 డిగ్రీల సెల్సియస్ దాటేసరికి ఆ నీరు ఆవిరై, బయటికి దారి దొరక్క గోడను పగలగొట్టుకుని వస్తుంది, ఆ పెంకులు పక్కవారి పాత్రలనూ పాడుచేస్తాయి. మట్టిలో గాలి బుడగ ఉండటం వల్లే వస్తువు పేలిపోతుందని చాలామంది నమ్ముతారు గాని, అసలు కారణం తేమే. ఆ తర్వాత కూడా నిదానం తప్పదు. సుమారు 450 నుంచి 600 డిగ్రీల మధ్య మట్టితో రసాయనికంగా కలిసి ఉన్న నీరు విడిపోతుంది, 573 డిగ్రీల వద్ద అందులోని క్వార్ట్జ్ అనే ఖనిజం పరిమాణం ఉన్నట్టుండి మారుతుంది. అందుకే వేడిని మెల్లగా పెంచి, అంతే మెల్లగా చల్లారనిస్తాము.

గ్లేజ్, అంటే కాల్చినప్పుడు కరిగి గాజులా మారే పూత, పూసి రెండోసారి కాల్చాక మీ పాత్ర మీరు చేసినప్పటికన్నా చిన్నదవుతుంది. మేము వాడే స్టోన్‌వేర్ అనే, ఎక్కువ వేడిలో కాల్చే రకం మట్టి పచ్చిగా ఉన్నప్పటితో పోలిస్తే సుమారు 12 శాతం కుంచించుకుంటుంది, అంటే 10 సెంటీమీటర్ల ఎత్తున చేసిన కప్పు 9 సెంటీమీటర్లలోపే తేలుతుంది. కావలసిన కొలతకన్నా కాస్త పెద్దదిగా చేయమని తరగతిలో మేము పదేపదే చెప్పేది ఇందుకే. గ్లేజ్ రంగు కూడా నమూనా పలక మీద ఉన్నట్టే వస్తుందని హామీ ఇవ్వలేము, ఎందుకంటే పూత మందాన్ని బట్టి, బట్టీలో పాత్ర ఉన్న చోటును బట్టి అది మారుతుంది.

సారె, అంటే కుమ్మరి చక్రం, ఎప్పుడు పెడతారని కొందరు అడుగుతున్నారు. ప్రస్తుతానికి ఆ ఆలోచన లేదు. మట్టి ఏ దశలో వంగుతుందో, ఏ దశలో విరుగుతుందో వేళ్లకు తెలియాలంటే చేతిపనే మంచి దారి అని మా నమ్మకం.

ఇప్పటికే ఆరుతున్న వస్తువులకూ కొత్త గడువే వర్తిస్తుంది. తప్పనిసరిగా ఒక తేదీకి కావలసినవారు మట్టి ముట్టుకోకముందే మాతో చెప్తే, ఆలోగా సిద్ధం కాగల పల్చటి, చిన్న ఆకారాన్ని సూచిస్తాము, వీలుకాదనిపిస్తే ఆ మాటా అప్పుడే చెప్తాము. ఈ మార్పు వల్ల రాబోయే తరగతుల నుంచి తప్పుకోవాలనుకునేవారికి మిగిలిన తరగతుల రుసుము తిరిగి చెల్లిస్తాము.