అక్కా, ఆ జెల్ ట్యూబు బీరువాలోంచి బయటికి తియ్యి

అక్కా,

నిన్న ఫోన్లో సగం మాటలే అయ్యాయి. బావగారు పక్కనే ఉన్నారని నువ్వు ప్రతిదానికీ "ఆ", "ఊ" అంటుంటే మొదట నవ్వొచ్చింది, పెట్టేశాక కోపమొచ్చింది. నీకు యాభై, నాకు నలభై ఏడు, ఇంకా మన ఒంటి సంగతి గుసగుసలాడుకోవాలా? అందుకే ఇదంతా కూర్చుని రాస్తున్నా. ఒక్కదానివే ఉన్నప్పుడు నిదానంగా చదువుకో. నేను డాక్టర్ని కాదు, నెలసరి ఆగే వయసులో వచ్చే వేడి ఆవిర్లకి ఇచ్చే ఈ హార్మోన్ మందులు రెండేళ్లుగా వాడుతూ, ఒకసారి తిక్క పని చేసి భయపడి, ఆ తర్వాత అడిగీ చదివీ తెలుసుకున్నదాన్ని, అంతే.

ముందు మీ పాప సంగతి. ఫోన్ పెట్టేసే ముందు మాటవరసకన్నట్టు అన్నావు చూడు, "దానికీ మధ్య తలనొప్పి, వచ్చే ముందు కళ్ల ముందు మెరుపు గీతలు కనిపిస్తున్నాయట" అని. నాకు నిద్ర పట్టలేదు. రాత్రే దానికి మెసేజ్ పెట్టి, వేసుకుంటున్న మాత్రల అట్ట ఫోటో పంపమన్నాను. నేననుకున్నదే, ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ అనే రెండు రకాల హార్మోన్లూ ఉన్న గర్భనిరోధక మాత్ర. అండం సరిగ్గా విడుదలకాక నెలసరి తప్పే పీసీఓడీకి అది రాసివ్వడం మామూలే, తప్పేం లేదు. కానీ అలా కళ్ల ముందు మెరుపులొచ్చి, వెనకే తలనొప్పి వచ్చే మైగ్రేన్ ఉన్నవాళ్లకి ఈస్ట్రోజెన్ ఉన్న ఆ మాత్ర ఇవ్వకూడదు. పక్షవాతం ముప్పు పెరుగుతుంది. ఆ వయసులో అది చాలా అరుదే, అయినా తెలిసి తెలిసి ఎందుకు పెంచుకోవాలి? ఇది డాక్టర్‌కి తలనొప్పి సంగతి చెప్పలేదట, ఆవిడా అడగలేదట. పొద్దున ఫోన్ చేస్తే మాత్రలు ఆపేసి రమ్మన్నారు. ప్రొజెస్టిన్ ఒక్కటే ఉండే మందులు కూడా ఉన్నాయి, ఏది మార్చాలో ఆవిడే చూస్తారు. నువ్వు టెన్షన్ పడకు, దాన్ని తిట్టకు.

ఇప్పుడు నీ సంగతికొస్తా. పాప మాత్రల్ని నువ్వు "పీరియడ్స్ సరిగ్గా రావడానికి ఏవో మాత్రలు" అని తేలిగ్గా తీసుకున్నావు. నీకు రాసిచ్చిన జెల్‌ని మాత్రం "హార్మోన్లు బాబోయ్" అని తీసుకెళ్లి బీరువాలో పెట్టావు. నెలసరి వాయిదా పడాలని నువ్వు మూడుసార్లు మందుల షాపులో అడిగి కొనుక్కుని, రోజుకి మూడు చొప్పున వేసుకున్న 5 మిల్లీగ్రాముల మాత్రలు గుర్తున్నాయా? అది నోరెథిస్టెరోన్, అదీ హార్మోనే. పైగా ఒంట్లోకి వెళ్లాక అందులో కొంత భాగం ఎథినైల్ ఎస్ట్రడయోల్‌గా మారుతుంది, అంటే పాప మాత్రలో ఉన్న ఈస్ట్రోజెనే. అప్పుడు ఏ డాక్టర్నీ అడగలేదు, ఒక్క రోజు భయపడలేదు. ఇప్పుడు బీపీ చూసి, కాళ్లలో రక్తం గడ్డకట్టిందా ఎప్పుడైనా అని అడిగి, రొమ్ము పరీక్ష చేయించి మరీ ఇచ్చిన మందుకి భయపడుతున్నావు.

హార్మోన్ అనేది ఒకటే పేరు గానీ మందులు ఒకటి కావు. మన అండాశయాలు తయారుచేసే అసలు ఈస్ట్రోజెన్ పేరు ఎస్ట్రడయోల్. దాన్ని మామూలు మాత్రగా మింగితే పేగుల్లోంచి నేరుగా లివర్‌కి పోతుంది, అక్కడే చాలా భాగం మారిపోతుంది. అలా కరిగిపోకుండా ఉండాలని 1938లో జర్మనీలో దానికి చిన్న తోక తగిలించారు, అదే ఎథినైల్ ఎస్ట్రడయోల్. అందుకే అది మైక్రోగ్రాముల్లోనే పనిచేస్తుంది, పాప మాత్రలో ఉన్నది 30 మైక్రోగ్రాములే. కానీ లివర్ దాన్ని సులువుగా విరగ్గొట్టలేకపోవడమంటే అది లివర్ మీద గట్టిగా పనిచేయడం కూడా. రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన ప్రోటీన్లు తయారయ్యేది లివర్లోనే కదా, వాటి తయారీ పెరుగుతుంది. మాత్రలు వాడని 10,000 మంది వయసు ఆడవాళ్లలో ఏడాదికి ఇద్దరికి అలా రక్తం గడ్డలు వస్తే, ఇలాంటి మాత్రలు వాడేవాళ్లలో రకాన్ని బట్టి 5 నుంచి 12 మందికి వస్తాయి. ఎక్కువ కాదు, కానీ సిగరెట్టు తాగేవాళ్లకీ, అంతకుముందు గడ్డ వచ్చినవాళ్లకీ, పాపలాంటి తలనొప్పి ఉన్నవాళ్లకీ లెక్క వేరు.

నీ జెల్‌లో ఉన్నది తోక లేని ఎస్ట్రడయోల్, అచ్చం నీ అండాశయం చేసేదే. అది చర్మంలోంచి నేరుగా రక్తంలోకి పోతుంది, ముందుగా లివర్ గడప తొక్కదు. అందుకే మామూలు మోతాదులో వాడే జెల్, చర్మానికి అంటించుకునే ప్యాచ్‌ల వల్ల రక్తం గడ్డకట్టే ముప్పు పెరిగినట్టు కనిపించలేదు. నాకు ఇది అర్థమయ్యాకే మనసు కుదుటపడింది.

పాప మాత్ర, నీ జెల్ చేసే పనులు కూడా వేరు. పాప మాత్ర మెదడుకి "హార్మోన్లు చాలినన్ని ఉన్నాయి" అన్నట్టు చెప్పి అండం విడుదలని ఆపేస్తుంది. నెలకోసారి మాత్రలు మానేసిన రోజుల్లో వచ్చేది నిజం నెలసరి కాదు, మందు ఆగినందుకు గర్భసంచి లోపలి పొర రాలడం. పీసీఓడీలో నెలల తరబడి ఆ పొర రాలకుండా పేరుకుపోతుంది కాబట్టి అలా రాల్చడమే అక్కడ వైద్యం. నీ జెల్ అండాన్ని ఆపదు, తగ్గిపోయినదాన్ని కొంచెం నింపుతుందంతే. అన్నట్టు, నవ్వకు, నీకు చివరిసారి వచ్చి ఎనిమిది నెలలేగా, ఏడాది నిండలేదు. జెల్ గర్భం రాకుండా ఆపదని ఎవరూ నీకు చెప్పి ఉండరు.

ఆ వేడి ఆవిర్లు ఎందుకొస్తాయో తెలుసా? మెదడులో ఒంటి వేడిని చూసుకునే చోటు ఒకటుంది. ఈస్ట్రోజెన్ తగ్గితే దానికి ఓపిక తగ్గుతుంది, కాస్త వేడెక్కినా కొంప మునిగినట్టు చెమటలు పట్టించేస్తుంది. జెల్ రాసిన మర్నాడే తగ్గలేదని మానెయ్యకు. ఈ మందు కణాల్లోపల రిసెప్టర్ అనే ప్రోటీన్‌ని పట్టుకుని, డీఎన్ఏ దగ్గరికి వెళ్లి ఏ ప్రోటీన్ ఎంత తయారవ్వాలో మారుస్తుంది, తలనొప్పి బిళ్ళలా అరగంటలో తేలే వ్యవహారం కాదు. నాకు మూడో వారంలో తేడా తెలిసింది, పూర్తిగా కుదురుకునేసరికి రెండున్నర నెలలు పట్టింది.

ఇక నా తిక్క పని. నాకు ప్యాచ్‌తో పాటు ప్రొజెస్టెరోన్ క్యాప్సూల్ ఇచ్చారు, 100 మిల్లీగ్రాములు, రోజుకొకటి. ఎప్పుడు వేసుకోవాలో ఇచ్చినవాళ్లు చెప్పలేదు, నేనూ అడగలేదు. పొద్దున్నే వేసుకుని ఆఫీసుకి వెళ్లిపోయాను. పదకొండింటికి మీటింగ్‌లో ఎదుటివాళ్ల మాటలు బావిలోంచి వినిపిస్తున్నట్టున్నాయి, తల బల్ల మీదకి వాలిపోతోంది. ప్రొజెస్టెరోన్ ఒంట్లో విరిగినప్పుడు వచ్చే ఒక పదార్థం మెదడు మీద నిద్రమందులా పనిచేస్తుందట, అందుకే దాన్ని రాత్రి పడుకునే ముందే వేసుకోవాలి. అది తెలియక నేనేం చేశానంటే, ప్యాచ్ వల్లే కదా ఆవిర్లు తగ్గాయి, ఈ మత్తు మందెందుకు అని క్యాప్సూల్ ఒక్కటీ మానేశాను. మూడో నెలలో ఎర్ర చుక్కలు. నాకు నెలసరి ఆగిపోయి అప్పటికే ఏడాదిన్నర. స్కాన్ చేస్తే లోపలి పొర ఉండాల్సిన దానికన్నా మందంగా ఉందన్నారు, చిన్న ముక్క తీసి పరీక్షకి పంపారు. రిపోర్టు రావడానికి పది రోజులు. ఆ పది రోజులు నేను నీకు ఫోన్ చేసి వాతావరణం గురించి మాట్లాడాను, గుర్తుందా? ఏమీ లేదని తేలింది.

ఎందుకు జరిగిందంటే, ఈస్ట్రోజెన్ ఆ పొరని పెంచుతుంది, ప్రొజెస్టెరోన్ ఆ పెరుగుదలకి పగ్గం వేస్తుంది. గర్భసంచి ఉన్నవాళ్లు మొదటిది ఒక్కటే వాడుతూ పోతే ఆ పొర అదేపనిగా పెరిగి క్యాన్సర్ దాకా వెళ్లే ప్రమాదం ఉంది. 1975లోనే ఇది బయటపడింది, అంతకుముందు ఒంటరి ఈస్ట్రోజెన్ మాత్రలు చాలామందికి ఇచ్చేవాళ్లు. అందుకని జెల్ తీస్తే దాంతో పాటు నీకిచ్చిన ప్రొజెస్టెరోన్ క్యాప్సూల్ కూడా తియ్యి, రెండూ జంట. నీకు ఇంకా పూర్తిగా ఆగలేదు కాబట్టి నెలలో 12 రోజులే వేసుకోమన్నారు, ఆ రోజులయ్యాక కాస్త బ్లీడింగ్ రావచ్చు, దానికి కంగారుపడకు. వేళ కాని వేళ వస్తేనో, ఎక్కువైతేనో చెప్పాలి.

క్యాన్సర్ వస్తుందట అన్నావు. ఆ మాట ఊరికే పుట్టలేదు. 2002లో అమెరికాలో నెలసరి ఆగిన 16,608 మంది ఆడవాళ్ల మీద హార్మోన్ మందులతో చేస్తున్న పెద్ద పరిశోధనని మధ్యలో ఆపేశారు, ప్రపంచమంతా మందులు చెత్తబుట్టలో పడేసింది. లెక్క చూస్తే, మందు వేసుకోనివాళ్లతో పోలిస్తే వేసుకున్నవాళ్లలో ఏడాదికి 10,000 మందిలో రొమ్ము క్యాన్సర్ ఎనిమిది మందికి ఎక్కువగా వచ్చింది, పక్షవాతం కూడా ఎనిమిది మందికే ఎక్కువ. తుంటి ఎముక విరగడం మాత్రం ఐదుగురికి తగ్గింది. అందులో పాల్గొన్నవాళ్ల సగటు వయసు 63, వాడింది చూడి గుర్రాల మూత్రం నుంచి తీసిన ఈస్ట్రోజెన్, మెడ్రాక్సీప్రొజెస్టెరోన్ అనే ప్రొజెస్టిన్ కలిపిన మాత్ర. నీ వయసూ అది కాదు, నీ మందూ అది కాదు. అలాగని ఎనిమిదిని సున్నా అనను. ఎక్కువ ఏళ్లు వాడేకొద్దీ రొమ్ము విషయంలో ముప్పు కొంత పెరుగుతుంది, అందుకే నేను మామోగ్రామ్, అంటే రొమ్ము ఎక్స్‌రే, తప్పను, ఏటా ఇంకా అవసరమా అని అడుగుతాను. కానీ ఆవిర్లతో ఏడాదిగా రాత్రి మూడుసార్లు లేచే మనిషి, ఏ అడ్డూ లేకపోయినా, ఆ వార్త సగం విని మందు దాచేసుకోవడం నాకు నచ్చదు.

అదే పరిశోధనలోని ఇంకో భాగంలో గర్భసంచి తీసేసినవాళ్లకి ఈస్ట్రోజెన్ ఒక్కటే ఇచ్చారు. వాళ్లలో రొమ్ము క్యాన్సర్ పెరగలేదు. ఇది చదివినప్పుడు అమ్మే గుర్తొచ్చింది. 39 ఏళ్లకి గర్భసంచితో పాటు రెండు అండాశయాలూ తీసేశారు కదా. అంత చిన్న వయసులో తీసేస్తే, వేరే అడ్డు లేకపోతే, మామూలుగా ఆగిపోయే వయసు దాకా, అంటే యాభై దాకా ఈస్ట్రోజెన్ ఇవ్వాలి, ఎముకల కోసం, గుండె కోసం. అమ్మకి కుట్లు విప్పి ఐరన్ మాత్రలిచ్చి పంపించారు. అర్ధరాత్రి లేచి కొంగు తడుపుకుని మెడ మీద వేసుకుని గుమ్మంలో కూర్చునేది, మనం ఉక్కపోత అనుకునేవాళ్లం. తర్వాత బాత్రూమ్ గడప దగ్గర ఊరికే జారితే మణికట్టు విరిగింది. దానికీ దీనికీ ముడిపెట్టి ఇదే కారణమని నేను చెప్పలేను. కానీ ఎవరో ఒకరు ఒక్క ముక్క చెప్పి ఉండాల్సింది.

ఇప్పుడు 70లో అమ్మకి ఆవిర్ల కోసం ఇవన్నీ మొదలుపెట్టరు. అయితే మాటిమాటికీ మూత్రంలో మంట, యాంటీబయాటిక్స్ అంటున్నావు కదా, దానికి యోని లోపల రాసే ఈస్ట్రోజెన్ క్రీమ్ ఉంటుంది. చాలా తక్కువ మోతాదు, రక్తంలోకి దాదాపు పోదు, అక్కడి చర్మాన్ని మళ్లీ కాస్త మెత్తబరిచి ఇన్ఫెక్షన్లు తగ్గిస్తుంది. అమ్మ సిగ్గుపడుతుంది, డాక్టర్ దగ్గర నువ్వే అడుగు.

జెల్ ఎలా రాసుకోవాలంటే, స్నానం చేసి ఒళ్లు తుడుచుకున్నాక, భుజం కింద చెయ్యి మీదో తొడ మీదో పల్చగా పరిచి ఆరనివ్వు. రొమ్ముల మీద వద్దు. వెంటనే లోషన్ రాయకు, చేతులు కడుక్కో, ఓ గంటదాకా మనవణ్ణి ఎత్తుకోకు, వాడి ఒంటికి అంటకూడదు. నేను ప్యాచ్ కదా, వారానికి రెండుసార్లు తుంటి మీద చోటు మార్చి మార్చి అంటించుకుంటా. తీసినప్పుడు చుట్టూ నల్లగా జిగురు గీత మిగులుతుంది, బట్టల నూగంతా దానికే. కొబ్బరినూనెతో రుద్దితే పోతుంది.

వాడుతున్నప్పుడు ఒక కాలు మాత్రమే వాచి నొప్పెట్టినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా, గుండెలో పట్టేసినా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లిపో. పాపకీ ఇదే చెప్పాను. ఇంకోటి, ఎప్పుడైనా టీబీకి రిఫాంపిసిన్ గానీ, కొన్ని రకాల మూర్ఛ మందులు గానీ ఇస్తే ఈ హార్మోన్ల సంగతి ముందే చెప్పాలి, అవి లివర్‌ని తొందరపెట్టి వీటిని పనికిరాకుండా చేస్తాయి. గర్భనిరోధక మాత్రల విషయంలో అది మరీ ముఖ్యం.

శనివారం బావగారు బయటికెళ్లాక ఫోన్ చేస్తా. ట్యూబూ, క్యాప్సూల్ అట్టా చేతిలో పెట్టుకుని కూర్చో. పేరూ, మిల్లీగ్రాములూ నువ్వు చదువు, నేను రాసుకుంటా. పాప డాక్టర్ ఏమన్నారో అది నీకంటే ముందు నాకే చెప్తానంది, అలగకు.

నీ చెల్లి