హైదరాబాద్ నుంచి షికాగోకి అసలు ఎన్ని గంటలు? విమానయాన మంత్రి గారికి బహిరంగ లేఖ

పౌర విమానయాన శాఖ మంత్రి శ్రీ కింజరాపు రామ్మోహన్ నాయుడు గారికి,

నమస్కారమండీ. మీది శ్రీకాకుళం కాబట్టి పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్ల సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. కోడలికో కూతురికో నెలలు నిండుతున్నాయంటే అరవై దాటిన మేం పచ్చళ్లూ పొడులూ కట్టుకుని బయల్దేరాల్సిందే.

హైదరాబాద్ నుంచి షికాగోకి నేరుగా 13,300 కిలోమీటర్ల దాకా ఉంటుంది. ఆగకుండా ఎగిరితే 16, 17 గంటలు. ఊహించి చెప్పడం లేదు, 2021 జనవరిలో ఎయిరిండియా ఈ డైరెక్ట్ ఫ్లైట్ మొదలుపెట్టింది, తర్వాత ఆపేసింది. ఇప్పుడు మంచి కనెక్షన్ దొరికితే 22 గంటలు, దొరక్కపోతే 30 దాటినా అడిగేవాడు లేడు.

తమాషా ఏంటంటే ఢిల్లీ మీదుగా వెళ్లినా దూరం పెరగదు. ఢిల్లీ మనకి ఇంచుమించు సూటిగా ఉత్తరాన ఉంది, భూమి గుండ్రం కాబట్టి షికాగోకి దగ్గరి దారి కూడా ఉత్తరానికే పోతుంది. హైదరాబాద్–ఢిల్లీ 1,260, అక్కణ్ణించి షికాగో 12,000, కూడితే మళ్లీ అదే లెక్క. డాలస్‌కి దోహా మీదుగా వెళ్తే, నేరుగా 14,400 కిలోమీటర్లున్నది కాస్తా 15,700 అవుతుంది, అంటే గాల్లో ఎక్కువయ్యేది మహా అయితే గంటన్నర. మిగతా టైమంతా నేల మీదే పోతోంది సార్! తిరిగొచ్చేటప్పుడైతే మరీనూ, ఢిల్లీలో ఇమిగ్రేషన్ క్యూ, బెల్టు మీద పెట్టెలు వెతుక్కోవడం, కస్టమ్స్ దాటడం, ఆ పెట్టెలే మళ్లీ డొమెస్టిక్‌లో వేసి ఇంకో సెక్యూరిటీ, ఇదంతా రాత్రంతా నిద్రలేని పెద్దవాళ్లు చేయాలి. మోకాళ్లు బాగానే ఉన్నా చాలామంది వీల్‌చైర్ బుక్ చేసుకునేది ఎందుకనుకుంటున్నారు? ఇంగ్లీషూ హిందీ రాక, దారి చూపించే మనిషి తోడుంటాడని.

2025 ఏప్రిల్ నుంచి పాకిస్తాన్ మన విమానాలను తన మీదుగా పోనివ్వడం లేదు, చుట్టు తిరగాల్సి వస్తోంది, అది మీ చేతిలో లేదని నాకూ తెలుసు. కానీ అంత దూరం ఎగిరే విమానం లేదంటే మాత్రం నమ్మను, సింగపూర్ నుంచి న్యూయార్క్‌కి 15,300 కిలోమీటర్లు ఆగకుండా వెళ్తున్నారు. సీట్లు నిండవంటారా, ఒక్కసారి నానక్‌రామ్‌గూడలో అమెరికా కాన్సులేట్ ముందు జనాన్ని చూడండి.

డైరెక్ట్ ఫ్లైట్ మళ్లీ వేయించండి, షికాగో కాకపోతే డాలస్‌కైనా సరే. అది కుదిరేదాకా ఇమిగ్రేషన్, కస్టమ్స్ రెండూ శంషాబాద్‌లోనే అయ్యేలా, షికాగోలో వేసిన పెట్టె మళ్లీ శంషాబాద్‌లోనే చేతికొచ్చేలా చూడండి. ఢిల్లీ ట్రాన్సిట్ దగ్గర తెలుగు వచ్చినవాళ్లని షిఫ్టుకి ఇద్దరిని పెట్టడానికి పెద్ద ఖర్చు కూడా కాదు. మాలాంటి విజయవాడ వాళ్లకి శంషాబాద్ చేరడానికే రోడ్డు మీద ఐదారు గంటలు పడుతుంది, శ్రీకాకుళం వాళ్లకి ఎంతవుతుందో మీకే బాగా తెలుసు, అందుకే భోగాపురం కొత్త ఎయిర్‌పోర్టు నుంచి వేసే అంతర్జాతీయ సర్వీసుల్లో అమెరికా కనెక్షన్ టైముకి సరిపోయేది ఒక్కటైనా ఉండేలా చూడండి.

ఇట్లు,
డాలస్‌లో కూతురు, షికాగోలో కొడుకు ఉన్న ఒక విజయవాడ తండ్రి